ఎవరూ వాసన చూడని పొగ

మా షెడ్డులో మూడు గోడలకి రంగు ఉంది, నాలుగో గోడకి గుడ్డలున్నాయి. అరచేతి వెడల్పు తెల్ల గుడ్డ ముక్కలు, మేకుకి ఒకటి, కింద సుద్దముక్కతో పడవ నంబరు, తేదీ. ఒకటి బొగ్గులా నల్లగా, ఒకటి నూనె మరకతో జిడ్డుగా, ఒకటి అసలు ఏమీ అంటనట్టు. కొత్తవాళ్ళు చూసి "ఏంటండీ, చంటిపిల్లల గుడ్డలు ఆరేశారా?" అని నవ్వుతారు. పాతవాళ్ళు నవ్వరు, వాళ్ళ ఇంజిన్ల గుట్టంతా ఆ గోడ మీదే ఉంటుంది.

ఇది నాన్న పద్ధతి. రేవులో ఎవరి పడవ పొగ తేడాగా వచ్చినా ముందు మా షెడ్డు దగ్గరికే తెస్తారు. పడవని గట్టుకి కట్టి, ఇంజిన్ పది నిమిషాలు వేడెక్కాక గేర్ వేయించి, ఇనప చువ్వ కొసకి గుడ్డ ముడేసి పొగ గొట్టం మూతి ముందు పట్టి, ఇరవై దాకా లెక్కపెడతాడు. తర్వాత గుడ్డని చూస్తాడు, వేళ్ళ మధ్య రుద్దుతాడు, వాసన చూస్తాడు. మూడే పనులు, అంతే! చెప్పేస్తాడు. పొడిగా నల్లగా అంటితే గాలి చాలట్లేదు, ఫిల్టర్ చూడు, లేదా నీళ్ళలో పడవని తోసే పంకాకి వల చుట్టుకుందేమో చూడు. పొగ నీలంగా, గుడ్డ జిడ్డుగా ఉంటే ఇంజిన్ నూనె తాగుతోంది, రింగులు అరిగాయి. రేవంతా ఆయన్ని ముక్కు మేస్త్రి అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు.

తెల్ల పొగ దగ్గరే ఉంది తిరకాసు. అది వట్టి నీటి ఆవిరి కావచ్చు, మండని డీజిల్ కావచ్చు. చల్లటి పొద్దున కంటికి రెండూ ఒకలాగే ఉంటాయి. పడవ ఇంజిన్‌లో పొగతోపాటు సముద్రపు నీళ్ళు కూడా గొట్టంలోంచి చిమ్ముతాయి కాబట్టి గుడ్డ ఎలాగూ తడుస్తుంది, తడిని బట్టి చెప్పలేం. ముక్కొక్కటే చెప్పగలదు. నేను నగరంలో రెండేళ్ళు డీజిల్ కోర్సు చదివి, దూరం నుంచే వేడి కొలిచే యంత్రం, పొగ రంగుల అట్ట సంచీలో వేసుకుని దిగినప్పుడు నాన్న వాటిని బల్ల మీద వరసగా పెట్టించుకుని చూశాడు.

"బాగున్నాయమ్మా. వీటికి బ్యాటరీ అయిపోతే?"

"కొత్తది వేస్తాం నాన్నా."

"ముక్కుకి ఆ బాధ లేదు," అన్నాడు. ఆ తర్వాత నవ్వు ఆపేసి ఒక మాట చెప్పాడు. "నల్ల పొగ తప్పు చెబితే డీజిల్ దండగ. నీలి పొగ తప్పు చెబితే ఇంజిన్ దండగ. తెల్ల పొగ తప్పు చెబితే మనిషే దండగ. తెలియకపోతే తెలియదని చెప్పు. నోరు మూసుకుని ఊహించావంటే షెడ్డులోకి రానివ్వను."

అది విని నా ఒళ్ళు పులకరించింది, నిజంగా. అంతకంటే మంచి చదువు ఏ కాలేజీలో ఉంది?

నేను వచ్చిన కొన్నాళ్ళకే నాన్నకి జ్వరం వచ్చింది. పన్నెండు రోజులు మంచం మీదున్నాడు. లేచాక ఒక మార్పొచ్చింది. గుడ్డ పట్టి, ఇరవై లెక్కపెట్టి, చూసి, రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని, ఏమీ చెప్పకుండా నాకు అందించేవాడు. "నువ్వు చెప్పు."

నేను చెప్పేదాన్ని. "నూనె నాన్నా, రెండో సిలిండర్ అయ్యుండొచ్చు." ఆయన "ఊఁ" అనేవాడు. అంతే. ఆ ఊఁ కోసం నేను ప్రాణమిచ్చేదాన్ని. పడవలవాళ్ళు "మేస్త్రి కూతురికి విద్య అప్పజెబుతున్నాడ్రోయ్" అంటుంటే నా కాళ్ళు నేల మీద ఆగేవి కావు. పది నెలలు. పది నెలల్లో గోడ మీదికెక్కిన ప్రతి గుడ్డా నేను చెప్పిందే.

ఒకరోజు ఇంట్లో పాలు మాడాయి. అమ్మ పెరట్లో ఉంది, నేను అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టాను, ఇల్లంతా కంపు. నాన్న స్టవ్వుకి రెండడుగుల దూరంలో కూర్చుని పేపర్ చదువుతున్నాడు. అమ్మ పరిగెత్తుకొచ్చి స్టవ్వు కట్టేసింది. నాన్న తలెత్తి "ఏమైంది?" అన్నాడు. అమ్మ ఆయన వైపు చాలాసేపు చూసింది. గిన్నె తీసుకెళ్ళి తోముతూ కూర్చుంది. నేనూ ఏమీ అనలేదు. పేపర్లో మునిగిపోయాడనుకున్నాను. లేదు, అలా అనుకోవడం బాగుంది కాబట్టి అనుకున్నాను.

ఇక ఆ రోజు సంగతి.

తెల్లవారిన దగ్గర్నుంచి సన్నటి తుంపర. నాకు మూడు రోజులుగా రొంప. ముక్కు రెండు వైపులా సీలేసినట్టు బిగుసుకుపోయింది, నోటితో ఊపిరి పీలుస్తున్నాను. మామయ్య పడవ గట్టుకి వచ్చి ఆగింది. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. ఆయన ఎక్కడుంటే అక్కడ గోల.

"బావా! నా ముసల్ది పొద్దున్నే చుట్ట కాలుస్తోంది, చూడు!"

ముసల్ది అంటే ఇంజిన్. మామయ్య వెనకాల పొదుపు దిగాడు. ఆయన మామయ్య దగ్గర పదేళ్ళుగా పనిచేస్తున్నాడు, రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ, అందుకే ఆ పేరు. మామయ్య ఆయన మాటలు కూడా కలిపి తనే మాట్లాడతాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు నాన్న.

"వారం. పొద్దున పూట కాస్త తడబడుతుంది, ఎక్కిళ్ళొచ్చినట్టు. తర్వాత సర్దుకుంటుంది. నీకు చూపించకుండా వెళ్తే అక్క ఊరుకోదుగా! ఏమే మేనకోడలా, ముక్కెర్రబడింది, ఏడ్చావా? మీ నాన్న తిట్టాడా?"

"రొంప మామయ్యా," అనబోయాను. తుమ్మొచ్చింది. తుమ్మేలోపు ఆయన ఇంకో మాటకి వెళ్ళిపోయాడు. నాన్న అప్పటికే ఇంజిన్ పెట్టె మూత ఎత్తి లోపలికి వంగి ఉన్నాడు. వినలేదు.

నాన్న డిప్‌స్టిక్ లాగి చూశాడు. నూనె పైగీత దాటి, వేలెడు పైకే ఉంది.

"ఎప్పుడు పోశావ్?"

"నెలైంది బావా, చుక్క పోయలేదు. వారానికి సీసా తాగేది, తాగుడు మానేసింది. ముసలితనంలో బుద్ధొచ్చింది దానికి."

"నీకంటే నయం," అన్నాడు నాన్న.

పొదుపు కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. నాన్న ఆ నూనెని వేళ్ళ మధ్య రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని, గుడ్డతో తుడిచేశాడు. నేను అంతా చూస్తున్నాను. నా సంచీలో కోర్సు పుస్తకం ఉంది, అందులో ఈ విషయం మీద ఒక పేజీ మొత్తం ఉంది, ఆ పేజీలో నేను పెన్సిల్‌తో గీత కూడా గీశాను.

గేర్ వేశారు. తెల్ల పొగ, దట్టంగా, నీళ్ళతో కలిసి బుస్సుబుస్సుమని వస్తోంది. గాలి సముద్రం వైపు కొడుతోంది కాబట్టి పొగ మా మొహాల మీదికి రాలేదు. వచ్చుంటే కళ్ళు మండేవి, మండని డీజిల్ కళ్ళని ఊరికే వదలదు. నీళ్ళ మీద రంగురంగుల తెట్టు ఉంది, కానీ రేవు నీళ్ళ మీద ఎప్పుడు లేదు గనక? నాన్న చువ్వ చాపి గుడ్డ పట్టాడు. ఒకటి, రెండు... ఇరవై. చూశాడు, రుద్దాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, నాకిచ్చాడు.

"నువ్వు చెప్పు."

గుడ్డ ముక్కుకి ఆనించాను. ఏమీ లేదు. నా ముక్కులోకి గాలే పోవట్లేదు, వాసన ఎక్కణ్ణుంచి వస్తుంది? మామయ్య చూస్తున్నాడు, పొదుపు చూస్తున్నాడు, పక్క పడవ మీద వల విప్పుతున్న ఇద్దరు పని ఆపి చూస్తున్నారు. నాకు తెలియట్లేదు నాన్నా, అనాలి. మూడు మాటలు. అయినా ఏముంది, నాన్న ముందే చూసేశాడు కదా, నాకిది పరీక్షే కదా, నేను తప్పు చెబితే ఆయన దిద్దుతాడు కదా! చల్లటి పొద్దున, తుంపర, వారం రోజుల పొగ, నూనె నిండుగా ఉంది. ఆవిరే అయ్యుండాలి.

"ఆవిరి నాన్నా."

నాన్న నా మొహంలోకి చూశాడు. ఒక్క క్షణం. నేను కళ్ళు దించుకోలేదు.

"ఊఁ," అన్నాడు. "ఆవిరే. నీళ్ళ పంపులో రబ్బరు చక్రం అరిగుంటుంది. సాయంత్రం వచ్చాక మారుద్దాం. మరీ తొక్కకు."

"చూశావా, ముక్కు మేస్త్రి, చిన్నముక్కు మేస్త్రి, ఇద్దరూ ఒకటే మాట!" అన్నాడు మామయ్య. "వెళ్ళొస్తాం బావా. ఈసారి మాత్రం వైర్‌లెస్‌లో వేషాలెయ్యకు."

అదొక పాత గొడవ. కిందటి నెల నాన్న వైర్‌లెస్‌లో మామయ్యని పిలిచి "ఒరేయ్, నీ ఇంజిన్ బోల్టు ఒకటి నా షెడ్డులోనే ఉండిపోయింది, తిరిగి రా" అన్నాడు. మామయ్య సగం దారిలోంచి తిరిగొచ్చాడు. బోల్టూ లేదు ఏమీ లేదు, అమ్మ భోజనానికి పిలవమంది, మామూలుగా పిలిస్తే రాడని. రేవంతా నెలరోజులు నవ్వుకుంది.

పడవ వెళ్ళిపోయింది. నేను గుడ్డని మేకుకి తగిలించి, కింద నంబరు రాసి, "ఆవిరి" అని రాశాను. గుండ్రటి అక్షరాలతో.

మధ్యాహ్నం అమ్మ నన్ను లాక్కెళ్ళి కుర్చీలో కూలేసింది. "ఆ మొహం చూడు, ఉబ్బిపోయింది. వంగు." మరిగే నీళ్ళ గిన్నె ముందు పెట్టి తల మీద దుప్పటి కప్పింది. పావుగంట. చెమట, కన్నీళ్ళు, చీమిడి అన్నీ కలిసి కారాయి, కారీ కారీ ఒక్కసారిగా కుడివైపు ముక్కు టప్పున తెరుచుకుంది. ఎంత హాయి! దుప్పటి సబ్బు వాసన వచ్చింది. అమ్మ చేతి ఉల్లిపాయ వాసన వచ్చింది. నవ్వుకుంటూ షెడ్డుకి వెళ్ళాను.

గోడ దగ్గర ఏదో ఘాటుగా తగిలింది. నా చేతులే అనుకున్నాను, మా చేతులెప్పుడూ డీజిల్ కంపే. సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని మళ్ళీ వచ్చాను. మామయ్య గుడ్డ తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

గొంతు గీసుకుపోయింది. పచ్చి డీజిల్.

నాన్న లోపల బల్ల దగ్గర నాజిల్ తుడుస్తున్నాడు. గుడ్డ పట్టుకుని పరిగెత్తాను.

"నాన్నా, ఇది చూడు. పొద్దుటిది. మామయ్యది."

ఆయన తీసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు, ఎప్పటిలాగే. "ఆవిరే కదమ్మా."

"నాన్నా, డీజిల్! గది గుమ్మంలోంచి తెలుస్తోంది!"

"నువ్వే కదా ఆవిరన్నావ్."

"నాకు రొంప నాన్నా! నాకు పొద్దున ఏమీ తెలియలేదు. నువ్వు చూశావు కదా అని, నువ్వు ఊఁ అన్నావు కదా అని..."

నాన్న గుడ్డని మోకాలి మీద పెట్టుకున్నాడు. దాని మడతలు సరిచేశాడు. ఎందుకో తెలియదు, నాలుగు మూలలూ లాగి సరిచేశాడు.

"నువ్వు చెప్పావనే నేను ఊఁ అన్నాను," అన్నాడు. "జ్వరమొచ్చినప్పటి నుంచి నాకేమీ తెలియట్లేదమ్మా. ఏ వాసనా."

పది నెలలు! నాకు విద్య అప్పజెప్పడం కాదు, నా ముక్కు వాడుకుంటున్నాడు. ఆ క్షణంలో నాకు వచ్చిన మొదటి ఆలోచన అదే, మామయ్య గురించి కాదు. అది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం. రెండో ఆలోచన ఇద్దరికీ ఒకేసారి వచ్చింది.

"నూనె," అన్నాను.

"నూనె," అన్నాడు నాన్న, లేచి నిలబడ్డాడు.

ఇంజెక్టర్ మూతి సరిగ్గా మూసుకోకపోతే డీజిల్ తుంపరగా రాకుండా ధారగా కారుతుంది. కొంత మండక తెల్ల పొగైపోతుంది. కొంత సిలిండర్ గోడ వెంట జారి కింది నూనెలో కలుస్తుంది. ముసల్ది తాగుడు మానలేదు, అది తాగినంతా డీజిల్ వచ్చి నింపుతోంది, అందుకే గీత దాటింది. అలా నింపుకుంటూ నింపుకుంటూ ఒక హద్దు దాటాక ఇంజిన్ ఆ కింది నూనెనే గాలితోపాటు పైకి పీల్చుకుని మండించుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు డీజిల్ కట్టేసినా ఆగదు. తన ఒంట్లోది తనే తాగుతూ వేగం పెంచుకుంటూ పోతుంది, ఏదో ఒకటి విరిగేదాకా. పుస్తకంలో నేను గీత గీసిన పేజీ అదే.

రేవు చివర వైర్‌లెస్ గది. అంత దూరం నాన్న పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. గదిలో తుంపరకి తలదాచుకున్న పడవలవాళ్ళు ఆరేడుగురు టీ తాగుతున్నారు. వైర్‌లెస్ ఆవిడ నాన్న మొహం చూసి ఏమీ అడగకుండానే నంబరు పిలిచింది. రెండుసార్లు గరగర. మూడోసారి మామయ్య.

"ఎవరూ, బావేనా? భోజనానికి రానురా నాయనా, వల నీళ్ళలో ఉంది!"

గదిలో అందరూ నవ్వారు.

"ఒరేయ్, ఇంజిన్ ఆపెయ్," అన్నాడు నాన్న. "ఇప్పుడే. అది ఆవిరి కాదు, డీజిల్. ఆపేసి లంగరెయ్, ఇంకో పడవని పంపిస్తాను."

"పొద్దున ఆవిరంటివి! నీ ముక్కు మధ్యాహ్నానికి మాట మార్చిందా?" గరగరలోంచి నవ్వు. "ఇంజిన్ బంగారంలా ఉంది బావా, పొద్దుటికన్నా హుషారుగా లాగుతోంది. అక్కతో చెప్పు, రేపొస్తానని."

"నేను వేళాకోళమాడట్లేదు."

"కిందటిసారీ ఇదే మాటన్నావు."

గదిలో మళ్ళీ నవ్వు. నాన్న మైకు పట్టుకుని నిలబడ్డాడు. మామయ్యని నమ్మించడానికి ఒక్కటే దారి ఉంది, అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ ఒక్క మాట ఈ ఆరేడుగురి ముందు చెప్పాలి. సాయంత్రానికి రేవంతా తెలిసిపోతుంది. ముక్కు మేస్త్రికి ముక్కు లేదట! నేను మైకు లాక్కోవచ్చు. లాక్కోలేదు. నాకు తెలియకుండానే లోపల లెక్క మొదలైంది, ఒకటి, రెండు, గుడ్డ పట్టినప్పుడు లెక్కపెట్టినట్టే. పదమూడు దగ్గర నాన్న నోరు తెరిచాడు.

"ఒరేయ్, నాకు వాసన రాదు. పది నెలలైంది. పొద్దున నేను చూడలేదు. అమ్మాయికి రొంప, అదీ చూడలేదు. నీ పొగని ఎవరూ వాసన చూడలేదురా. ఆపెయ్."

ఎవరూ నవ్వలేదు. ఒకాయన టీ గ్లాసు నెమ్మదిగా కింద పెట్టాడు.

వైర్‌లెస్‌లో మామయ్య గొంతు మళ్ళీ వచ్చింది. దాని వెనక ఇంకో చప్పుడుంది, పలచగా, ఎత్తుగా, ఇంకా ఎత్తుగా. "బావా, దానంతటదే రేజవుతోంది. పొదుపు ఆపు లివర్ లాగాడు. ఆగట్లేదు."

"గాలి మూసెయ్యండి! గాలి పీల్చే మూతి మీద చెక్క పెట్టి నొక్కండి, చెక్క! చెయ్యి పెట్టొద్దు! కుదరకపోతే వదిలేసి ముందు వైపుకి పరిగెత్తండి, ఇంజిన్ పోతే పోనీ!"

వైర్‌లెస్ ఆవిడ నంబరు పిలుస్తూనే ఉంది. పిలిచింది, ఆగింది, పిలిచింది. చాలాసేపటికి గరగరమంది. వచ్చిన గొంతు ఎవరిదో ముందు తెలియలేదు. పదేళ్ళలో ఆ గొంతు ఇంతసేపు మాట్లాడగా నేను వినలేదు.

"మేస్త్రీ. పొదుపుని. అన్న చెక్క తీసుకుని కిందికి దిగాడు. నన్ను ముందుకి పొమ్మన్నాడు. పోనంటే తోశాడు. ఇంజిన్ పక్కకి పగిలింది మేస్త్రీ. ఇనుము... అన్నకి మెడ దగ్గర..." ఆగాడు. "ఇంజిన్ ఆగిపోయింది. అన్న లేవట్లేదు."

నాలుగు గంటలకి ఇంకో పడవ వాళ్ళని లాక్కుంటూ వచ్చింది. తుంపర అలాగే ఉంది. అమ్మ గట్టు మీద నిలబడి ఉంది, తల తడిసిపోతున్నా లోపలికి రాలేదు. ఇంజిన్ పక్కటెముక చోట పిడికిలి పట్టేంత కన్నం. లోపలి కడ్డీ విరిగి ఆ కన్నంలోంచి బయటికొచ్చింది. నాన్న ఆ కన్నంలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు, ఎవరో వచ్చి లాగేదాకా.

పొదుపు అమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"కిందికి దిగేముందు అన్న ఒక మాటన్నాడక్కా," అన్నాడు. "నవ్వుతూనే అన్నాడు. బావకి ముక్కు పోయిందంట, అక్కకి తెలుసో లేదో అని."

అమ్మ మామయ్య మీద కప్పిన పట్టా అంచు సర్దుతోంది.

"తెలుసు," అంది. "పాలు మాడిన రోజే తెలుసు."

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. నాన్న అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. అమ్మ తోమిన గిన్నెలే మళ్ళీ తోమేది. నాకు రొంప పూర్తిగా తగ్గిపోయింది, ప్రపంచంలో ఉన్న వాసనలన్నీ వస్తున్నాయి, ఏ ఒక్కటీ వద్దనిపించేది. రొంప మామయ్యా, అన్న మాట తుమ్ముకి ముందు పూర్తయ్యుంటే? పదమూడు కాకుండా మూడు దగ్గరే మైకు లాక్కుని ఉంటే? పొదుపుని అడిగాను, పది అంకెల ముందు చెప్పుంటే ఆగేదా అని. ఆయన నావైపు చూసి, మళ్ళీ నాలుగు మాటల మనిషైపోయి, "ఏమో అమ్మా" అన్నాడు.

మూడు వారాలు షెడ్డు తెరవలేదు. తెరిచిన రోజు నాన్న తలుపు మీద సుద్దతో తనే రాశాడు: మేస్త్రికి వాసన రాదు. తెలుసుకుని రండి. వాన వచ్చి చెరిగిపోతే పెయింటుతో రాశాడు. చాలామంది తలుపు దాకా వచ్చి చదివి వెనక్కి వెళ్ళిపోయారు. కొందరు వెళ్ళలేదు. వాళ్ళకోసం నాన్న పద్ధతి మార్చాడు. రెండు పలకలు కొన్నాడు, బడి పలకలు. ఒకటి నాకు, ఒకటి అమ్మకి. గుడ్డ మా ఇద్దరికీ విడివిడిగా ఇస్తాడు, ఒకరి మొహం ఒకరికి కనపడకుండా. తెలిసింది రాయాలి. తెలియకపోతే తెలియదని రాయాలి. రెండు పలకలూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. రెండూ కలవకపోతే పడవ తాడు విప్పనివ్వడు, ఎవరు ఎంత అరిచినా సరే.

మామయ్య గుడ్డ ఇంకా దాని మేకు మీదే ఉంది. కింద నేను రాసిన "ఆవిరి" కూడా ఉంది. నాన్న చెరపనివ్వలేదు. రోజూ షెడ్డు తెరవగానే నేను దాన్ని తీసి ఒకసారి వాసన చూసేదాన్ని. మొదట్లో గొంతు గీసుకునేది. తర్వాత కాస్త. తర్వాత ఇంకాస్త తక్కువ. నిన్న పొద్దున చూస్తే ఏమీ రాలేదు. ఉత్త గుడ్డ. పోయింది దాంట్లోదా, నా ముక్కులోదా? పరిగెత్తి డీజిల్ డబ్బా మూత తీసి చూశాను. వస్తోంది. మళ్ళీ గుడ్డ చూశాను. లేదు.

"నాన్నా," అన్నాను, "మామయ్యది... నాకు రావట్లేదు."

నాన్న నా చేతిలోంచి గుడ్డ తీసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకోలేదు. నాకు ఒక పలక ఇచ్చి, రెండో పలక, గుడ్డ తీసుకుని లోపల అమ్మ దగ్గరికి వెళ్ళాడు. నేను గుమ్మంలోంచి చూశాను, చూడకూడదు, అయినా చూశాను. అమ్మ గుడ్డ అందుకుని మొహానికి మొత్తం అదుముకుంది. ఇరవై కంటే చాలా ఎక్కువసేపు. తర్వాత వెనక్కి తిరిగి పలక మీద రాసింది.

నాన్న రెండు పలకలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. నా పలక మీద "లేదు". అమ్మ పలక మీద "ఉంది".

ఆయన చాలాసేపు వాటినే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత గుడ్డని నాలుగు మూలలూ లాగి సరిచేసి, తీసుకెళ్ళి మళ్ళీ దాని మేకుకే తగిలించాడు.